‘ఎలాగైనా చేస్తాను సార్’ అన్న మాట

(ఉద్యోగాల మీద పాఠకుల ప్రశ్నలకు, గుంటూరులో మెడికల్ రెప్‌గా చేరి ఏరియా మేనేజర్‌గా రిటైరైన మా శీర్షిక రచయిత జవాబులు)

ప్రశ్న: సార్, మాది నరసరావుపేట. బీఎస్సీ చదివాను. మెడికల్ రెప్ ఉద్యోగానికి మూడు ఇంటర్వ్యూలకు వెళ్ళాను, మూడూ పోయాయి. మొన్నటిది విజయవాడలో ఒక హోటల్లో జరిగింది. ఇచ్చిన ప్రొడక్ట్ గురించి రాత్రంతా బట్టీపట్టి గడగడా చెబుతుంటే మేనేజర్ ఆపి, ‘డాక్టర్ గారు లేచి వెళ్ళిపోతున్నారు, ఇప్పుడేం చెప్తావ్?’ అన్నారు. నోరు పెగల్లేదు. చివర్లో, ‘నెలాఖరు వచ్చేసింది, టార్గెట్ ఇంకా రెండు లక్షలు మిగిలింది, ఏం చేస్తావ్?’ అని అడిగారు. ‘ఎలాగైనా చేస్తాను సార్’ అన్నాను. కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు. నా తప్పెక్కడ?

జవాబు: 1996లో నన్నూ సరిగ్గా ఇలాగే ఆపారు. నేనూ మీలాగే నిలబడిపోయాను. ఉద్యోగం రాలేదు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆ ప్రశ్న మిమ్మల్ని తికమక పెట్టడానికి అడిగింది కాదు. సాయంత్రం పూట గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో ఏదైనా క్లినిక్ ముందు ఒక గంట నిలబడి చూడండి. బయట బెంచీల నిండా పేషెంట్లు. మధ్యలో నలుగురైదుగురు రెప్‌లను కలిపి ఒకేసారి లోపలికి పిలుస్తారు. మీకు దక్కేది అర నిమిషం. అందులో మాత్ర చరిత్రంతా చెప్పలేరు. ఆ డాక్టర్ దగ్గరికి వచ్చే రోగికి పనికొచ్చే ఒక్క మాట చెప్పాలి, లేదా ఒక్క ప్రశ్న అడగాలి. కడుపులో మంటకు వేసే పాంటోప్రజోల్ మాత్ర అమ్ముతున్నారనుకుందాం. ‘డాక్టర్ గారూ, పరగడుపున వేసుకోమంటే మర్చిపోయి టిఫిన్ తిన్నాక వేసుకునేవాళ్ళు మీ దగ్గర ఎక్కువా?’ అని అడిగితే, వెళ్ళబోతున్న డాక్టర్ కూడా ఒక్క క్షణం ఆగి జవాబిస్తారు. మీ మేనేజర్ ఎదురుచూసింది అలాంటి మాట కోసమే.

అయితే మీకు ఉద్యోగం పోయింది అక్కడ కాదని నా అనుమానం. ‘ఎలాగైనా’ అన్న మాట దగ్గర పోయింది. నేను ఇంటర్వ్యూలు చేసే రోజుల్లో ఆ మాట వింటే నాకు భయమేసేది. ఎందుకో చెబుతాను. కంపెనీ నుంచి స్టాకిస్టుకు వెళ్ళే సరుకు ప్రైమరీ సేల్. స్టాకిస్టు నుంచి మందుల షాపులకు వెళ్ళేది సెకండరీ. నెలాఖరున టార్గెట్ కోసం స్టాకిస్టును బతిమాలి రెండు లక్షల సరుకు దించేస్తే కాగితం మీద మీరు గెలిచినట్టే. డాక్టర్లు రాయకపోతే షాపులు కొనవు. ఆ పెట్టెలు గోడౌన్లో అలాగే ఉండి, ఎక్స్‌పైరీ అయ్యి తిరిగొస్తాయి. నేనే ఎంపిక చేసుకున్న ఒక కుర్రాడు అలా సరుకు దించాడు. తిరిగొచ్చిన సరుకు డబ్బు కొంత వాళ్ళ నాన్న పొలం కౌలు డబ్బుల్లోంచి కట్టాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ నెల టార్గెట్ అందుకున్నందుకు నేనే వాణ్ణి అందరి ముందూ మెచ్చుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ మాటలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మందుల మార్కెటింగ్ నియమావళి ప్రకారం డాక్టర్లకుగానీ వాళ్ళ కుటుంబాలకుగానీ బహుమతులు ఇవ్వకూడదు. ‘ఎలాగైనా’ అనేవాడు అటూ వెళ్ళగలడని ఎదుటివాళ్ళు అనుకుంటారు.

ఈసారి అడిగితే ఇలా చెప్పండి: ‘ముందు స్టాకిస్టు దగ్గర క్లోజింగ్ స్టాక్, అంటే అమ్ముడుపోకుండా మిగిలిన సరుకు ఎంతుందో చూస్తాను సార్. ఏ షాపుల్లో మన సరుకు అయిపోయిందో కనుక్కొని అక్కడ ఆర్డర్ తీసుకుంటాను. అయినా మిగిలితే ఎంత మిగులుతుందో మీకు ముందే చెబుతాను.’ నేనైతే ఆ జవాబు చెప్పినవాణ్ణి వదులుకోను.

ఇంటర్వ్యూకి ముందు రోజు మీ ఊళ్ళోనే రెండు మందుల షాపులకు వెళ్ళండి. రద్దీ లేని మధ్యాహ్నం పూట వెళ్ళి, ఆ కంపెనీ మందుల్లో ఏవి బాగా కదులుతున్నాయి, ఏ డాక్టర్ రాస్తున్నారు అని మర్యాదగా అడగండి. చాలామంది చెబుతారు. రెప్‌లు రోజూ చేసే పనే అది, మీరు ఒకరోజు ముందు మొదలుపెడుతున్నారంతే. చివర్లో ‘ఏమైనా అడుగుతావా?’ అంటే, ‘నాకు ముందు ఈ హెడ్‌క్వార్టర్లో చేసినవారు ఎందుకు మానేశారు సార్?’ అని అడగండి. (రెప్ మకాం ఉండి పనిచేసే ఊరినే హెడ్‌క్వార్టర్ అంటారు.) తడబడకుండా జవాబిచ్చే మేనేజర్ దగ్గర పని నేర్చుకోవచ్చు.

ప్రశ్న: నేను బీఫార్మసీ చేశాను. ఇంటర్వ్యూలో ‘పెళ్ళయ్యాక మానేస్తావుగా?’ అని అడిగారు. ఏమనాలో తెలియక నవ్వి ఊరుకున్నాను. ఏం చెప్పాల్సింది?

జవాబు: అమ్మా, ఆ ప్రశ్న అడగడమే తప్పు. పక్కనున్న అబ్బాయిని ఎవరూ అలా అడగరు. మీరు కోపం తెచ్చుకోనక్కర్లేదు, సంజాయిషీ అంతకన్నా అక్కర్లేదు. ‘పని విషయం అడగండి సార్, నెలకు ఎన్ని రోజులు బయట ఊళ్ళలో రాత్రి ఉండాలి? సాయంత్రం ఆలస్యమైతే వెనక్కి రావడానికి ఏర్పాటేమిటి?’ అని పని మీదికి తిప్పండి. తెనాలి వెళ్ళి సాయంత్రానికి గుంటూరు చేరే రూటు వేరు, పల్నాడు మొత్తం తిరిగే రూటు వేరు. అది తెలుసుకునే హక్కు మీకుంది. నా దగ్గర పనిచేసిన ఇద్దరమ్మాయిలు పెళ్ళయ్యాక కూడా ఏళ్ళ తరబడి ఉద్యోగంలో ఉన్నారు.

ప్రశ్న: సేల్స్ ఉద్యోగం ఇస్తాం, ట్రైనింగ్ కోసం ఐదు వేలు కట్టమంటున్నారు. కట్టొచ్చా?

జవాబు: కట్టొద్దు. పనిలోకి తీసుకునేవాళ్ళు మీకు జీతం ఇవ్వాలి, మీ దగ్గర తీసుకోకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా చూపించి వెనక్కి తెచ్చుకోండి, వదిలిపెట్టి రావద్దు. రెప్‌లకు రాతపూర్వకంగా నియామక పత్రం ఇవ్వాలని 1976లోనే సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం చెప్పింది. జీతం, హెడ్‌క్వార్టర్ రాసిన కాగితం చేతికొచ్చేదాకా ఇప్పుడు చేస్తున్న పని మానకండి.