మూడో వంతు అడిగిన లాయరును వదిలేయండి, ముందు కేస్ షీటు సంపాదించండి

ప్రైవేటు ఆసుపత్రిలో మీ అమ్మగారికి చేసిన గాల్ బ్లాడర్ ఆపరేషన్ వికటించి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చిందని, ఆసుపత్రివాళ్లు కేస్ షీటు ఇవ్వడం లేదని, కలిసిన లాయరు పరిహారంలో మూడో వంతు వాటా అడుగుతున్నారని రాశారు. మా నాన్నగారి కంటి ఆపరేషన్ విషయంలో నాలుగేళ్లు తిరిగాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఆ మూడో వంతు సంగతి. గెలిస్తే ఇంత వాటా అని న్యాయవాది ఒప్పందం చేసుకోవడానికి బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. మేము కలిసిన మొదటి లాయరూ అదే అడిగారు. అంతకంటే నాకు మింగుడు పడనిది ఇంకొకటి ఉంది. నేను తీసుకెళ్లిన ఫైలు ముడి కూడా విప్పకుండా "ముందు పోలీసు కేసు పెడదాం, వాళ్లే కాళ్లబేరానికి వస్తారు" అన్నారు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం డాక్టరుపై క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. పోలీసులు కూడా ముందుగా మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. ఫైలు చూడకుండానే ధైర్యం చెప్పే లాయరు దగ్గర నుంచి లేచి వచ్చేయడమే మేలు.

మా నాన్నగారికి కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగింది. నెల గడిచినా ఎదురుగా వచ్చే బస్సు బోర్డు చదవలేకపోయారు. వెళ్లినప్పుడల్లా "పెద్ద వయసు కదా, మెల్లగా సర్దుకుంటుంది" అంటూ చుక్కల మందు మార్చేవారు. డిశ్చార్జి కాగితం వెనక లెన్సు స్టిక్కరు అంటించి ఉంటుంది, తపాలా బిళ్ల కంటే కాస్త పెద్దది. దాని మీద 18.5 అని ఉంది. మాకు అది ఒక అంకె, అంతే. తరువాత కేస్ షీటు నకలు చేతికి వచ్చింది. అందులో ఆపరేషన్‌కు ముందు తీసిన కొలతల కాగితంలో కావలసిన లెన్సు పవరు కుడి కంటికి 21.5, ఎడమ కంటికి 18.5 అని అచ్చయి ఉంది. రెండు కాగితాలూ వంటింటి గట్టు మీద పక్కపక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు. ఎడమ కంటికి సరిపడే లెన్సు కుడి కంట్లో పెట్టారు.

ఆ కేస్ షీటు రాకపోతే మా దగ్గర ఏమీ లేదు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. నోటితో అడిగినంత కాలం కౌంటరులో "రేపు రండి" అనే అన్నారు. నాన్నగారి సంతకంతో ఉత్తరం రాసి, నకలు మీద తేదీతో ముద్ర వేయమన్నాక మూడో రోజు పిలిచి ఇచ్చారు. మీరూ అమ్మగారి సంతకంతో అలాగే ఇవ్వండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

తరువాతి చిక్కు డాక్టరు అభిప్రాయం. ముగ్గురు కంటి డాక్టర్లు గదిలో తప్పేనని తల ఊపారు, కాగితం మీద పెట్టమంటే ఒక్కరూ పెట్టలేదు. చివరికి పదవీ విరమణ చేసిన ఒక ప్రొఫెసరుగారు "తప్పెవరిదో నేను రాయను, ఇప్పుడు కంట్లో ఏ లెన్సు ఉంది, చూపు ఎంత ఉంది అనేది రాస్తాను" అన్నారు. మాకు అది చాలింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. అది మన హైదరాబాదు కేసే: కిషన్ రావు గారు మలేరియా విభాగంలో అధికారి, ఆయన భార్యకు వచ్చిన మలేరియాకు ఆసుపత్రిలో టైఫాయిడ్ వైద్యం చేశారు. అయితే మీ విషయం అంత తేటతెల్లం కాకపోవచ్చు. గాల్ బ్లాడర్ ఆపరేషన్‌లో పిత్తనాళానికి దెబ్బ తగలడం జాగ్రత్తగా చేసినా జరగవచ్చు. అది నిర్లక్ష్యమా, తెలిసిన ప్రమాదమా అని తేల్చడానికి మీకు సర్జన్ మాట కావాలి. రెండో ఆపరేషన్ చేసిన డాక్టరును తీర్పు చెప్పమని అడగకండి. లోపల ఏం చూశారో వివరంగా రాసిమ్మని అడగండి.

మాకు కుదిరిన రెండో లాయరు ఒక మేడమ్. ముప్పావు గంట ఫైలు చదివి రెండే ప్రశ్నలు వేశారు: తప్పు జరిగిందని ఎప్పుడు తెలిసింది, ఆసుపత్రికి ఎంత కట్టారు? మొదటిది ఎందుకంటే వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. రెండోది ఎందుకంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన డబ్బును బట్టి ఏ కమిషనో నిర్ణయిస్తారు. 50 లక్షల వరకు జిల్లా కమిషనే. కట్టింది 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు రుసుము లేదు. ఆసుపత్రి ఏ ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేయవచ్చు.

ఫీజు భారమైతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఫిర్యాదుదారు అమ్మగారు కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాదికి అర్హురాలు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. లాయరు ఎవరైనా వాయిదా తేదీలు మీరే రాసుకోండి. డాక్టరును కమిషన్‌కు లాగవచ్చు గాని లాయరును లాగలేమని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. లాయరు మీద ఫిర్యాదంటే బార్ కౌన్సిల్‌కే వెళ్లాలి.

కమిషన్‌లో మాకు మూడేళ్లు పట్టింది. ఆసుపత్రి 45 రోజుల్లోపు జవాబు దాఖలు చేయాల్సిందే, అది చేసింది. ఆ తరువాత వాయిదాల మీద వాయిదాలు. లెన్సు మార్పించిన ఖర్చు మొత్తం వచ్చింది గాని, అడిగిన పరిహారంలో సగం కంటే తక్కువే వచ్చింది. నాన్నగారు మాత్రం డబ్బు సంగతి అడగలేదు, ఉత్తర్వులో "కుడి కన్ను" అని సరిగ్గా రాశారా అని అడిగి చూసుకున్నారు.

అమ్మగారి మొదటి ఆపరేషన్ తేదీ మీరు రాయలేదు. ఏడాదిన్నర దాటి ఉంటే కేస్ షీటు కోసం ఆగకండి, ఉత్తరం నకలు పట్టుకుని సోమవారమే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.