అన్నయ్య సాక్ష్యానికి నేను ఆమెన్ అనలేకపోయాను

ప్రశ్న: నా వయసు 47. మల్కాజిగిరిలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో మౌలాలిలో 130 గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్నారు. పిల్లలం ఇద్దరమే, అన్నయ్య, నేను. పక్షవాతంతో ఏడాదిపాటు మంచంలో ఉండి, రెండేళ్ల కిందట నాన్న ప్రభువునందు నిద్రించారు. అంతకు నాలుగు నెలల ముందే ఇల్లు అన్నయ్య పేరున గిఫ్ట్ డీడ్ అయిపోయిందని భూస్థాపన జరిగిన నెలలోపే వదిన నోట విన్నాను. అమ్మ అన్నయ్య దగ్గరే ఉంటోంది. ఆ మాట ఎత్తితే తల దించుకుంటుంది. నా భర్త పోయి ఆరేళ్లు. కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పాస్టరుగారు ‘పగ తీర్చుట ప్రభువు పని, కోర్టుకు వెళితే సంఘానికి చెడ్డపేరు’ అంటారు. ప్రతి శుక్రవారం ఉపవాసముండి న్యాయం అడుగుతున్నాను. మొన్న ఆదివారం అన్నయ్య లేచి ‘ప్రభువు నాకు సొంత ఇల్లు అనుగ్రహించాడు’ అని సాక్ష్యం చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేకపోయాను. ప్రభు రాత్రి భోజనపు బల్ల దగ్గరికి కూడా వెళ్లలేదు. రాత్రిళ్లు 109వ కీర్తన చదువుతున్నాను, చదివినందుకు భయపడుతున్నాను. దేవుని న్యాయం కోసం ఇంకెంత కాలం ఎదురుచూడాలి? కోర్టుకు వెళితే విశ్వాసం లేనట్టేనా?

జవాబు: ముందు ఆ ఆమెన్ సంగతి. ఆ మాటకు అర్థం ‘నిశ్చయంగా’ అని. మీకు నిశ్చయం లేనిచోట నోరు మెదపలేదు. అందులో తప్పు వెతకకండి. బల్లకు దూరంగా ఉండిపోవడం మాత్రం వద్దు. అది మీ అన్నయ్య వేసిన బల్ల కాదు.

109వ కీర్తన చదివినందుకు భయపడకండి. కోపాన్ని దేవుని ముందు కక్కేయడం పాపమైతే ఆ కీర్తన బైబిల్లో ఉండేదే కాదు. అయితే ఒకటి అడుగుతాను. 9వ వచనం దగ్గర మీ గొంతు ఆగిందా? శత్రువు బిడ్డలు తండ్రిలేనివారు కావాలి, అతని భార్య విధవరాలు కావాలి అని ఉంటుంది అక్కడ. ఆ రెండూ ఏమిటో మీ ఇంట్లో ఆరేళ్లుగా తెలుసు. మిమ్మల్ని అత్తా అని పిలిచే పిల్లల మీద ఆ మాట పడాలని మీరు నిజంగా కోరుకోవడం లేదని, మీ భయం అక్కడే పుట్టిందని నేను అనుకుంటున్నాను. గుండె బరువెక్కిన రోజున ఆ కీర్తన చదవండి. రోజూ పడుకునే ముందు వేసుకునే మాత్రలా మాత్రం వద్దు, నిద్ర పాడవుతుంది.

ఇక పాస్టరుగారి మాట. రోమా పత్రికలో పౌలు వద్దన్నది మన చేతులతో పగ తీర్చుకోవడాన్ని. కాగితం చూపించమని అడగడం పగ కాదు. కోర్టు విషయానికి అందరూ ఎత్తి చూపేది మొదటి కొరింథీ 6వ అధ్యాయం. దాన్ని సగంలో ఆపి చదవడం మన సంఘాల్లో పాత అలవాటు. నేనూ ఆదివారం బడిలో వాక్యాలు కంఠస్థం చేసి పెరిగినదాన్నే. 5వ వచనానికి మాకు ఎవరూ బహుమతి పెట్టలేదు. అక్కడ పౌలు తిట్టింది సంఘాన్ని. అన్నదమ్ముల మధ్య తగవు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా, సిగ్గుపడండి అంటాడు. అంటే తగవు తీర్చే బాధ్యత సంఘ పెద్దల మీద పెట్టాడు. ఆ పని చేయకుండా ‘కోర్టుకు వెళ్లకు’ అన్న సగం మాత్రమే మీకు వినిపిస్తే అది పౌలు మాట కాదు. ఆ పౌలే కైసరయలో రోమా అధిపతి ఫేస్తు ఎదుట నిలబడి, కైసరు ఎదుటే, అంటే చక్రవర్తి ఎదుటే చెప్పుకుంటానని అన్నాడు. అపొస్తలుల కార్యములు 25లో ఉంది.

ఆ కొరింథీ అధ్యాయంలోనే 7వ వచనం కూడా ఉంది. దాన్ని దాచను. అన్యాయం ఎందుకు సహించకూడదు, నష్టపోతే ఎందుకు సరిపెట్టుకోకూడదు అని అడుగుతాడు. కష్టమైన ప్రశ్న. దానికి ‘సహిస్తాను’ అని జవాబిచ్చిన పరిశుద్ధులు ఉన్నారు. కానీ ఆ జవాబు నష్టపోయినవారు తమంతట తాము ఇవ్వవలసినది. లాభపడినవారి పక్కన కూర్చున్నవారు మీ తరఫున ఇచ్చేది కాదు.

ఆస్తి తగవులకు బైబిలు కొత్త కాదు. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, తండ్రికి కొడుకులు లేనంత మాత్రాన ఆయన పేరు ఎందుకు మాసిపోవాలని మోషే ముందు, యాజకుని ముందు, సర్వసమాజం ముందు నిలబడి అడిగారు. వాళ్లు చెప్పింది న్యాయమేనన్నాడు దేవుడు. లూకా 18లో విధవరాలు చూడండి. యేసు ఆమె కథ చెప్పింది విసుగకుండా ప్రార్థించడం గురించే. అయినా కథలో ఆమె చేసిన పని ఏమిటి? దేవునికి భయపడని న్యాయాధిపతి గడప మళ్లీ మళ్లీ తొక్కింది. మన కాలంలో కేరళలో మేరీ రాయ్ అనే క్రైస్తవ స్త్రీ తండ్రి ఆస్తిలో వాటా కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1986లో వచ్చిన ఆ తీర్పుతోనే తిరువాన్కూరు ప్రాంతపు సిరియన్ క్రైస్తవ ఆడపిల్లలకు కొడుకులతో సమాన హక్కు దక్కింది.

అలాగని రేపే కేసు వేయమని మీకు చెప్పను. లూకా 12లో ఒకడు వచ్చి ‘బోధకుడా, పిత్రార్జితంలో నాకు పాలు పంచిపెట్టమని మా అన్నకు చెప్పు’ అంటే, మీ మీద పంచిపెట్టేవానిగా నన్నెవడు నియమించాడని యేసు తిప్పి పంపేశాడు. ఆ వెంటనే లోభం గురించి జాగ్రత్త చెప్పాడు. ఆ జాగ్రత్త అన్నకూ తమ్ముడికీ ఇద్దరికీ.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. న్యాయం అనే మాట ఉంది, జ్ఞానం అనే మాట ఒక్కసారీ లేదు. న్యాయం కావాలన్న ప్రార్థనలో పని దేవుడిది. జ్ఞానం కావాలన్న ప్రార్థన చేసి లేచేసరికి మీ చేతిలో ఏదో ఒక పని ఉంటుంది. గిబియోనులో సొలొమోను రాజు దేవుణ్ణి అడిగినదాన్ని మన బైబిలు వివేకముగల హృదయం అంటుంది, హెబ్రీ మాటకు నేరైన అర్థం ‘వినే హృదయం’. అది దొరికాక ఆయన ముందుకు వచ్చిన మొదటి తగవు ఇద్దరు స్త్రీలు, ఒక బిడ్డ. కత్తి తెమ్మన్న సంగతి అందరికీ గుర్తుంటుంది. దానికి ముందు ఆయన ఈమె ఇలా అంటోంది, ఆమె అలా అంటోంది అని ఇద్దరి మాటలూ తిరిగి అప్పజెప్పాడు. మీరు అన్నయ్య మాట విన్నారా? వదిన చెప్పింది విన్నారు. అంతకన్నా పెద్ద సంగతి, ఆ దస్తావేజు మీరు చదివినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. రెండేళ్లుగా మీరు చూడని కాగితం మీద ఉపవాసముంటున్నారు.

ముందు అది చూడండి. మీసేవలో ఇంటి నంబరుతో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీయించుకుంటే దస్తావేజు నంబరు తెలుస్తుంది. దానితో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీ అడగండి. అన్నయ్య అనుమతి అక్కరలేదు. గిఫ్ట్ డీడ్ చెల్లాలంటే రిజిస్టరు కావాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, నాన్న ఇష్టపూర్వకంగా ఇచ్చి ఉండాలి, ఆయన బతికుండగానే అన్నయ్య స్వీకరించి ఉండాలి. కదలలేని మనిషైతే రిజిస్ట్రారు ఇంటికి వచ్చే వీలు చట్టంలో ఉంది. నాన్న విషయంలో ఏం జరిగిందో రికార్డు చెబుతుంది. ఆ కాగితాల మీద నాన్న ఫొటో, వేలిముద్రలు ఉంటాయి. మంచం పట్టిన నాటి ముఖం. ఒంటరిగా చూడకండి, అబ్బాయిని వెంట తీసుకెళ్లండి.

అది చదివాక మీకు నచ్చనిదే తేలవచ్చు. మన క్రైస్తవులకు వర్తించే వారసత్వ చట్టం 1925 నాటిది, అందులో పుట్టుకతో వచ్చే వాటా లేదు. స్వార్జితాన్ని తండ్రి ఎవరికైనా ఇవ్వవచ్చు. తెలివిలో ఉండి, తనను ఎత్తి దించిన కొడుక్కి ఇచ్చి ఉంటే మనసు నొచ్చుకోవచ్చు గానీ హక్కు అనలేం. ఆ ఏడాది నాన్నకు బట్టలు మార్చింది ఎవరో మీరు రాయలేదు. అడగక తప్పదు కనుక అడుగుతున్నాను.

లేదా ఆయనకు స్పృహ లేనప్పుడు వేలు పట్టి వేయించారని తేలవచ్చు. అప్పుడు దస్తావేజు రద్దు కోరవచ్చు. రద్దయి, వీలునామా కూడా లేకపోతే మూడోవంతు అమ్మది, మిగిలిన రెండు వంతుల్లో మీరిద్దరూ సగం సగం. లెక్క వేయండి, ముగ్గురికీ తలా ఒక వంతు. మీ న్యాయం అని మీరు అడుగుతున్నదాంట్లో తల దించుకున్న అమ్మ వాటా కూడా ఉంది. ఏ అన్నం తింటోందో ఆ చేతికి ఎదురు చెప్పలేక ఆమె మౌనంగా ఉండవచ్చు. ఒకసారి ఆస్తి మాట ఎత్తకుండా ఊరికే వెళ్లి రండి. తలకు నూనె రాసి, జడ వేసి, తిరిగి వచ్చేయండి.

రద్దు దావాకు సాధారణంగా సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు. మీకు తెలిసి దాదాపు రెండేళ్లయింది. దేవుని కాలం వేరు, కాలపరిమితి చట్టం వేరు. రెండోది ఎవరి ఉపవాసం కోసమూ ఆగదు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఇల్లు మౌలాలిలో ఉంది కాబట్టి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. గడువు లెక్క వాళ్ల చేత చూపించుకోండి. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ చేయించే పద్ధతీ ఉంది. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. పౌలు వెతికిన బుద్ధిమంతుడికి ఈ కాలంలో ఇంతకన్నా దగ్గర చుట్టం నాకు కనిపించలేదు.

దానికంటే ముందు మత్తయి 18లో చెప్పినట్టు అన్నయ్య దగ్గరికి మీరొక్కరే వెళ్లండి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో నలుగురి మధ్య కాదు, వారంలో ఒక సాయంత్రం ఇంటికే. కాపీ చేతిలో ఉంచుకుని ‘ఇది ఎలా జరిగిందో చెప్పు అన్నయ్యా’ అని అడిగి, చివరిదాకా వినండి. కుదరకపోతే ఇద్దరు పెద్దలతో వెళ్లండి. పాస్టరుగారిని ఈసారి ప్రార్థన కోసం కాకుండా తగవు తీర్చడానికి కూర్చోమని అడగండి. ఆయన కూర్చుంటే మంచిదే. కూర్చోకపోయినా ‘కోర్టుకు వెళ్లకు’ అని ఆ తరువాత అనడం ఆయనకే ఇబ్బంది అవుతుంది.

శుక్రవారం ఉపవాసం మానకండి. న్యాయం అడిగే చోట ఈ నెల, జ్ఞానం కొదువైతే దేవుణ్ణి అడగమనే యాకోబు మొదటి అధ్యాయం 5వ వచనం పెట్టుకోండి.

కాపీ చేతికి వచ్చాక సాక్షుల పేర్లు చూస్తారు. తెలిసిన పేరే, మీ సంఘంలో పేరే కనిపించవచ్చు. ఆ రోజు ఎవరికీ ఫోను చేయకండి. ఒక రాత్రి గడవనిచ్చి, మర్నాడు నాకు రాయండి.