సైజు ఒకటే అయినా ఒక గోల్డ్ నానోపార్టికల్‌కి ప్రోటీన్ అంటుకుంటోంది, ఇంకోదానికి లేదు. ఎందుకు?

మీ రెండు శాంపిళ్లూ 20 నానోమీటర్ల గోల్డే. సిట్రేట్ పూత ఉన్నదానికి బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్) బాగా పడుతోంది, పెగ్ (పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్) పూత ఉన్నదానికి పెద్దగా పట్టడం లేదన్నారు. సైజు సంగతి వదిలేయండి. ప్రోటీన్‌కి ముందు తగిలేది పైనున్న పూతే.

గుంటూరులో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేస్తున్నప్పుడు నన్ను తికమక పెట్టింది చార్జి. సిట్రేట్ గోల్డ్ నెగెటివ్. బీఎస్ఏ ఐసోఎలక్ట్రిక్ పాయింట్, అంటే దాని మొత్తం చార్జి సున్నా అయ్యే పీహెచ్, 4.7 దగ్గర. అంతకంటే ఎక్కువైన పీహెచ్ 7.4లో అదీ నెగెటివే. లెక్క ప్రకారం రెండూ దూరంగా పోవాలి. అయినా అంటుకుంటాయి! ఎందుకంటే ప్రోటీన్ మొత్తమ్మీద నెగెటివ్ అయినా, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు గుమిగూడిన చోట పాజిటివ్‌గా ఉంటుంది. దాని గొలుసులో 34వ స్థానంలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం దేనితోనూ జతపడకుండా ఫ్రీగా ఉంది, దాని సల్ఫర్‌కి బంగారమంటే మోజు.

అసలు విషయం సిట్రేట్ పట్టు వదులుగా ఉండటం. విజయవాడ బస్సు కిటికీలోంచి సీటు మీద వేసిన కర్చీఫ్ లాంటిది, గట్టివాడొస్తే పక్కకు నెట్టి కూర్చుంటాడు. థయాల్ పెగ్ అలా కాదు. సల్ఫర్‌తో బంగారానికి బిగుసుకుపోతుంది, నీళ్లు పట్టిన దాని పొడుగాటి గొలుసులు ప్రోటీన్‌ని దగ్గరికి రానివ్వవు. అయితే పూత ఒత్తుగా ఉండాలి, పల్చగా ఉంటే సందుల్లో దూరుతుంది. పెగ్ వేస్తే అసలేమీ అంటుకోదనే మాట మాత్రం నమ్మకండి.

ప్రోటీన్ అంటుకుంటే పెరిగే సైజును కాంతితో కొలిచే డీఎల్ఎస్ మెషిన్ ఖాళీ లేకపోతే ఉప్పుతో చూడొచ్చు. సిట్రేట్ గోల్డ్‌లో 10 శాతం సోడియం క్లోరైడ్ కొద్దికొద్దిగా వేస్తే, పార్టికల్స్ ఒకదానికొకటి అంటుకుని ఎర్రటి ద్రావణం మీ కళ్ల ముందే వంగపండు రంగులోకి, తర్వాత నీలంలోకి తిరుగుతుంది. ముందే సరిపడా బీఎస్ఏ కలిపి కాసేపు ఉంచితే ఎరుపు అలాగే నిలుస్తుంది, అంటే ప్రోటీన్ కప్పుకుందన్నమాట. పెగ్ గోల్డ్‌కి ఈ పరీక్ష పనికిరాదు, ప్రోటీన్ లేకున్నా ఉప్పుకి లొంగదు. దానికి సెంట్రిఫ్యూజ్ చేసి, కడిగి, ప్రోటీన్లను విడదీసి చూపే జెల్ రన్ చేయాల్సిందే. గాజుసామాను ఆఖరున డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి, మన బోరు నీళ్లలోని కాల్షియం చాలు రంగు చెడగొట్టడానికి.

రక్తంలోకి పంపే పార్టికల్ అయితే ఒక్క బీఎస్ఏ చూసి తీర్పు ఇవ్వకండి. ప్లాస్మాలో ముందు అంటుకున్న ప్రోటీన్లను తర్వాత వచ్చినవి తోసేస్తాయి, దాన్నే వ్రోమన్ ఎఫెక్ట్ అంటారు. ప్రోటీన్ అంటుకోవడం ప్రతిసారీ చెడ్డదేం కాదు. 2018లో అమెరికాలో అనుమతి వచ్చిన ఆన్‌పాట్రో అనే మందులోని లిపిడ్ (కొవ్వు) పార్టికల్స్ రక్తంలో అపోలిపోప్రోటీన్-ఈ అనే ప్రోటీన్‌ని తగిలించుకునే లివర్ కణాల్లోకి వెళ్తాయి.

మీ పెగ్ మాలిక్యులర్ వెయిట్ ఎంతో, గోల్డ్‌కి ఎంత కలిపారో కామెంట్‌లో పెట్టండి, పూత సరిపోయిందో లేదో చూద్దాం.