టెక్ సందేహాలు: యాప్‌లో 90 డిగ్రీలు, బానెట్ కింద ఆవిరి

ఎండలు ముదిరినప్పటి నుంచి ఈ శీర్షికకు ఫోన్ల కంటే కార్ల గురించే ఎక్కువ ప్రశ్నలు వస్తున్నాయి. ఊళ్లు వేరైనా కథ ఒకటే. ఇంజన్ వేడెక్కింది, ఆన్‌లైన్‌లో ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని వివరాలను ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) కొన్నారు, యాప్ ఒకటి చెబితే కారు ఇంకోటి చేసింది. అందుకే ఈసారి మూడు ప్రశ్నలే తీసుకున్నాను.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక బానెట్ నుంచి ఆవిరి వచ్చింది. బ్లూటూత్ స్కానర్ యాప్‌లో మాత్రం 90 డిగ్రీలు దాటలేదు, చివర్లో ఇంకా తగ్గింది కూడా. నా స్కానర్ డూప్లికేటా? మంచిది ఏది కొనాలి? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

కొనే సంగతి తర్వాత. ముందు ఆ కారును మళ్లీ స్టార్ట్ చేయకండి.

స్కానర్ దానంతటది వేడిని కొలవదు. ఇంజన్ కంప్యూటర్‌కు సెన్సర్ చెప్పిన అంకెను మీ ఫోన్‌కు చేరవేస్తుంది, అంతే. ఆ సెన్సర్ కూలెంట్‌లో, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవంలో, మునిగి ఉన్నంతసేపే దాని మాట నమ్మాలి. హోస్ పగిలో, రేడియేటర్ కారో కూలెంట్ దిగిపోతే సెన్సర్ గాల్లో మిగిలిపోతుంది. ఇంజన్ పై భాగమైన సిలిండర్ హెడ్ కాలిపోతున్నా, నీళ్లు అందించినట్టు గాలి ఆ వేడిని సెన్సర్‌కు అందించలేదు. అంకె అక్కడే నిలబడిపోతుంది, ఒక్కోసారి తగ్గుతుంది. మీకు జరిగింది ఇదేనని నా గట్టి అనుమానం. లోడు మీద నడుస్తున్న బండిలో కారణం లేకుండా ఉష్ణోగ్రత పడిపోతే సంతోషించకండి, పక్కకు ఆపి ఇంజన్ ఆఫ్ చేయండి. అదే యాప్‌లో మైనస్ 40 కనిపిస్తే అది వేరే సంగతి. సాధారణంగా సెన్సర్ వైరు ఊడిందని అర్థం, లోపం ఏమిటో చెప్పే పీ0118 అనే కోడ్ కూడా రావచ్చు.

అసలు రోగం తెలియాలంటే యాప్ కంటే ముందు మీరే ఒక ప్రశ్న వేసుకోవాలి. బండి ఎప్పుడు వేడెక్కుతోంది? ట్రాఫిక్‌లో వేడెక్కి హైవే ఎక్కగానే చల్లబడుతుంటే ఫ్యాన్‌ను అనుమానించండి. ఏసీ వేస్తే చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ కూడా తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఈ వరసలో చూడమనండి. సిటీలో బాగానే ఉండి హైవే మీదో, తిరుమల ఘాట్ ఎక్కుతున్నప్పుడో వేడెక్కితే కూలెంట్ సరిగా తిరగడం లేదన్నమాట. రేడియేటర్ పూడుకుపోయి ఉండొచ్చు, కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్, తెరుచుకోకపోవచ్చు, వాటర్ పంపు పోయి ఉండొచ్చు. మన దగ్గర రేడియేటర్లు పూడుకుపోవడానికి బోరు నీళ్లు పెద్ద కారణం. ఇంట్లో గీజర్ రాడ్డుకు పట్టే తెల్లటి పొరే లోపలి సన్నటి గొట్టాలకూ పడుతుంది. కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి, లేదా కలిపి అమ్మేదే కొనండి.

బయట ఎక్కడా చుక్క కారడం లేదు, అయినా కూలెంట్ తగ్గుతోంది, ట్యాంకులో బుడగలు వస్తున్నాయంటే హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే సిలిండర్ హెడ్ కింద ఉండే సీలును, అనుమానించాలి. హెడ్ విప్పడానికి ఒప్పుకునే ముందు బ్లాక్ టెస్ట్ చేయమని అడగండి. ట్యాంకులోంచి వచ్చే గాలిని నీలం రంగు ద్రవం గుండా పోనిస్తారు. మంట వాయువులు కలిసి ఉంటే అది పసుపుగా మారుతుంది. కొద్ది నిమిషాల పని. ఇది అడగక హెడ్ విప్పించుకుని, చివరికి తప్పంతా రేడియేటర్ మూతదని తేలినవాళ్లు నాకు రాశారు.

'వాల్వు తీసేశాం సార్, ఫ్యాన్ డైరెక్ట్ చేశాం, ఇక ప్రాబ్లం రాదు' అని మెకానిక్ అంటే ఒప్పుకోకండి. ఆ వాల్వే థర్మోస్టాట్. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రావడం కష్టం. ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పంపుతుంది, మైలేజీ పడిపోతుంది, పీ0128 కోడ్ వస్తూనే ఉంటుంది. ఫ్యాన్ డైరెక్ట్ చేస్తే, అంటే ఎప్పుడూ తిరిగేలా నేరుగా కరెంటు ఇచ్చేస్తే, అది ఎందుకు తిరగలేదన్న అసలు ప్రశ్న వైర్ల కింద పాతుకుపోతుంది.

ప్రశ్న: కోడ్ క్లియర్ చేసుకోమని మెకానిక్ అన్న వాట్సాప్‌లో స్కానర్ యాప్ 'ప్రో' వెర్షన్ ఏపీకే (ప్లే స్టోర్ బయట నుంచి యాప్ వేసుకునే ఫైలు) పంపాడు. ఇన్‌స్టాల్ చేస్తే ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ పర్మిషన్లు అడుగుతోంది. ఇవ్వాలా? (కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు)

ఇవ్వకండి. యాప్‌ను ఇప్పుడే తీసేయండి. ఈ వారం వచ్చిన ప్రశ్నలన్నింటిలో నాకు బాగా టెన్షన్ పెట్టింది ఇదేనమ్మా.

కారు స్కానర్ యాప్‌కు బ్లూటూత్ కావాలి. పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ పరికరాలను వెతకడానికి లొకేషన్ అనుమతి కూడా ఇవ్వాల్సి వచ్చేది. ఆండ్రాయిడ్ 12 నుంచి దగ్గరలోని పరికరాల కోసం విడిగా అనుమతి వచ్చింది. రేడియేటర్ వేడి చూడటానికి మీ మెసేజ్‌లతో పనేముంది? ఎస్ఎంఎస్ అనుమతి ఇస్తే బ్యాంకు ఓటీపీలు చదవొచ్చు. యాక్సెసిబిలిటీ ఇస్తే స్క్రీన్ మీద ఉన్నది చూడొచ్చు, మీ బదులు బటన్లు నొక్కొచ్చు. ఈ రెండూ కలిస్తే మీ ఫోన్ ఇంకొకరి చేతిలో ఉన్నట్టే. మెకానిక్ దొంగ అని నేను అనడం లేదు. ఆయనకూ ఏదో గ్రూపులో వచ్చి ఉంటుంది, ఆయన ఫోనూ ప్రమాదంలోనే ఉండొచ్చు, చెప్పండి.

ఇప్పటికే అనుమతి ఇచ్చేసి ఉంటే వెంటనే నెట్ ఆపేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించండి, పాస్‌వర్డులు కూడా ఆ ఫోన్ నుంచే మార్చండి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. మీ ఫోన్‌ను పూర్తిగా రీసెట్ చేశాకే మళ్లీ వాడండి.

స్కానర్‌ను కూడా కారుకు తగిలించే వదిలేయకండి. స్కానర్ పెట్టే ఓబీడీ పోర్టులో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది. తాళం తీసేసినా స్కానర్ రాత్రంతా మేలుకునే ఉంటుంది. చవక రకాలకు పిన్ నంబరు 1234 లేదా 0000. కొన్నింటికి అదీ లేదు, పక్కన కారు పార్క్ చేసినవాళ్లు కూడా కనెక్ట్ కావొచ్చు. సిమ్ ఉండే రకం ఇంకా ప్రమాదం. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అలాంటి ఒక పరికరానికి ఎస్ఎంఎస్‌లు పంపి కారు వైపర్లు తిప్పారు, తక్కువ వేగంలో బ్రేకులు పనిచేయకుండా చేశారు. పని అయ్యాక స్కానర్ పీకి డ్యాష్‌బోర్డు అరలో పడేయడానికి రెండు సెకన్లు చాలు.

ఇక కోడ్ క్లియర్ చేయడం. పీ0217, అంటే ఇంజన్ అతిగా వేడెక్కిందన్న కోడ్, తుడిచేస్తే ఇంజన్ చల్లబడదు. పైగా కోడ్ పడిన క్షణాన వేగమెంత, ఆర్‌పీఎం ఎంత, కూలెంట్ వేడి ఎంత అన్న వివరాలను కంప్యూటర్ దాచి ఉంచుతుంది. యాప్‌లో దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్‌తో పాటు అదీ చెరిగిపోతుంది. ముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి మెకానిక్‌కు చూపించండి.

ప్రశ్న: కొత్త కారులో టెంపరేచర్ ముల్లు లేదు. నీలం దీపం, ఎర్ర దీపం మాత్రమే ఉన్నాయి. స్క్రీన్‌లో ఎక్కడైనా ఆ సెట్టింగ్ దొరుకుతుందా? (రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు)

చాలా కార్లలో లేదండీ. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం.

సెన్సర్ ఉంది. దాని అంకె క్షణక్షణం కారు వైర్లలో తిరుగుతూనే ఉంది. దాన్ని చూపించడానికి అరచేతి కంటే పెద్ద స్క్రీన్ కూడా ఉంది. అందులో పాటలు, వాతావరణం, డోరు లైట్ల రంగులు అన్నీ కనిపిస్తాయి, కూలెంట్ ఉష్ణోగ్రత తప్ప! ముల్లు ఉన్న కార్లలోనూ అది అసలు అంకెను చూపదు. లోపల ఇరవై డిగ్రీల తేడా వచ్చినా మధ్యలోనే నిలిచేలా సాఫ్ట్‌వేర్ రాసి పెడతారు. ముల్లు కదిలితే కస్టమర్లు కంగారుపడి సర్వీస్ సెంటర్‌కు వస్తారని దానికి కారణం చెబుతారు. కంగారుపడి రావడమే కదా కావాల్సింది! ఎర్ర దీపం వెలిగేసరికి ఆలస్యమవుతుంది. అప్పటికే హెడ్ వంగిపోయినవాళ్ల బిల్లులు నేను చూశాను.

కంపెనీ ఆ ఒక్క అంకె దాచింది కాబట్టే జనం 1234 పిన్ ఉన్న స్కానర్ కొంటున్నారు, వాట్సాప్‌లో వచ్చిన యాప్ వేసుకుంటున్నారు. నెట్ ద్వారా అప్‌డేట్లు పంపి కొత్త వాల్‌పేపర్లు ఇవ్వగలిగినవాళ్లు ఈ అంకెనూ ఇవ్వగలరు. సర్వీసుకు వెళ్లినప్పుడు ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదే రాయండి, నేను ప్రతిసారీ రాస్తున్నాను.

ఈలోగా వారానికోసారి పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ ట్యాంకు మీది రెండు గీతల మధ్య మట్టం ఉందో లేదో చూసుకోండి. ఎర్ర దీపం వెలిగితే ఏసీ ఆపి, హీటర్‌ను ఫుల్లుగా తిప్పి, ఆపడానికి వీలైన మొదటి చోట ఇంజన్ ఆపేయండి. ఇంజన్ మీద నీళ్లు పోయకండి. రేడియేటర్ మూత, కూలెంట్ ట్యాంకు మూత ముట్టుకోకండి. లోపల ఒత్తిడి వల్లే నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీసిన క్షణం అది ఒక్కసారిగా మరిగి, ఆవిరితో పాటు మీ ముఖం మీదికి చిమ్ముతుంది. గంట ఆగినా రేడియేటర్ పై హోస్ చేతికి ఇంకా గట్టిగా తగులుతుంటే మరికాసేపు ఆగండి.