ఆయిల్ ప్లాట్‌ఫామ్ మీద పని ఎట్లా ఉంటుంది? ఏజెంట్‌కు లక్షన్నర కట్టొచ్చా?

తమ్ముడూ, హన్మకొండలో డిప్లొమా మెకానికల్ అయిపోయింది, లక్షన్నర కడితే సముద్రంలో ఆయిల్ ప్లాట్‌ఫామ్ మీద పని ఇప్పిస్తానని ఏజెంట్ అంటున్నాడు, వెళ్లొచ్చా అని అడిగావు. నేను ముంబై హైలో, అంటే ముంబై దగ్గరి సముద్రంలో ఉన్న ఆయిల్ క్షేత్రంలో, కాంట్రాక్టర్ కింద ఆరేళ్లు ఫిట్టర్‌గా చేశాను. మాది భూపాలపల్లి, బాపు సింగరేణి కార్మికుడు.

ముందు ఒకటి అడుగు: ప్లాట్‌ఫామా, రిగ్గా, బార్జా? ప్లాట్‌ఫామ్ సముద్రం అడుగున కాళ్లు దిగేసుకుని ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. రిగ్ బావి తవ్వి ఇంకోచోటికి పోతుంది. బార్జ్ అంటే తేలే హాస్టల్. రిపేర్లకు, పైపులైన్లకు వచ్చిన మనలాంటి కాంట్రాక్టు వాళ్లను ఎక్కువగా అందులోనే ఉంచుతారు. 2021 మేలో తౌక్టే తుఫానుకు మునిగిన పీ-305 అలాంటిదే. ఆ వార్త చూశాక అమ్మ నన్ను కొన్నాళ్లు గడప దాటనివ్వలేదు.

పనిలోకి తీసుకునే ముందు, హెలికాప్టర్ నీళ్లలో పడితే ఎట్లా బయటపడాలో ట్రైనింగ్ ఉంటుంది. ఉత్తుత్తి క్యాబిన్‌లో బెల్టు పెట్టి కూర్చోబెట్టి, నీళ్లలోకి దించి తలకిందులు చేస్తారు. బెండు కట్టుకుని బావిలో ఈత నేర్చినవాణ్ణి, నాకేంటి అనుకున్నా. తిరగబడగానే ముక్కులోకి నీళ్లు పోయి, కిటికీ ఎటుందో మర్చిపోయి, ముందే బెల్టు విప్పేశాను. అదే తప్పు. క్యాబిన్ కదలిక ఆగేదాకా ఒక చెయ్యి కిటికీ అంచు మీదే ఉండాలి, బెల్టు ఆ తర్వాతే. రెండోసారికి వచ్చింది.

పని పన్నెండు గంటల షిఫ్టు. సముద్రం చూస్తూ కూర్చుంటామనుకోకు, చూసేది వాల్వులు, పంపులు, పైపులను బోల్టులతో కలిపే ఫ్లేంజిలే. పర్మిట్ కాగితం మీద సంతకం పడనిదే బోల్టు కూడా విప్పనివ్వరు. వెల్డింగ్ అయితే గ్యాస్ టెస్టు కావాలి, పక్కన ఒకడు కాపలా ఉండాలి. కొత్తలో చిరాకేసేది. 2005 జూలై 27న అక్కడే ఓ నౌక ప్లాట్‌ఫామ్ గ్యాస్ పైపుకు తగిలి మంటలు లేచి 22 మంది పోయారు. ఆ సంగతి పాత మేస్త్రీలు చెప్పాక సంతకం కోసం గంటసేపైనా నిలబడ్డా.

బాపు నోట 'మస్టర్ పడింది' అంటే ఆ రోజు కూలి వచ్చినట్టే. ప్లాట్‌ఫామ్ మీద మస్టర్ అంటే వేరు. సైరన్ మోగగానే లైఫ్‌జాకెట్ తొడుక్కుని చెప్పిన చోటికి చేరి తల లెక్కించుకోవడం. మొదటి డ్రిల్లులో నేను హాజరు వేయించుకోవడానికి ఆఫీసు వైపు నడిచాను. ఇప్పటికీ బాపు అది చెప్పి నవ్వుతాడు.

తిండి బాగుంటుంది, మందు అసలు ఉండదు. కష్టమంతా ఇంటికి రావడంలోనే. నాది 28 రోజుల డ్యూటీ. ఒకసారి వాతావరణం బాగాలేక హెలికాప్టర్లు ఆగిపోయాయి, నా బదులు రావాల్సినవాడు జ్వరమని రాలేదు, 41వ రోజున గానీ దిగలేదు. అప్పటికి సద్దుల బతుకమ్మ అయిపోయింది. అదనపు రోజులకు డబ్బులు ఇస్తామన్న కాంట్రాక్టర్ సగమే ఇచ్చాడు, ఎక్కడా రాసి లేదన్నాడు. అందుకే ఇంట్లో ఉన్న రోజులకు జీతం ఉందా, డ్యూటీ దాటితే రోజుకెంత, రెండూ ఆఫర్ లెటర్‌లో రాయించు. రోజు కూలి పెద్దగా కనిపించినా సగం నెలలు ఖాళీగా ఉంటే చేతికి వచ్చేది అంతంతే.

లక్షన్నర మాత్రం కట్టకు. గల్ఫ్‌లో అయితే ఈమైగ్రేట్‌లో, అంటే విదేశాలకు పనికి పోయేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే వెబ్‌సైట్‌లో, నమోదైన ఏజెంటే పంపాలి, వాళ్ల ఫీజుకు ప్రభుత్వ పరిమితి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ముంబైలో అయితే ఆ డబ్బులో కొంత పెట్టి ట్రైనింగ్ సర్టిఫికెట్లు, మెడికల్ నువ్వే చేయించుకుని కాంట్రాక్టర్ల ఆఫీసులకు నేరుగా వెళ్లు, నేనూ అట్లాగే దొరికించుకున్నా. ఈలోపు ఎండాకాలమే కదా, ఊళ్లో బావి ఉంటే నీళ్లలో తల ముంచి కళ్లు తెరవడం అలవాటు చేసుకో. పక్కన ఎవరినైనా ఉంచుకుని.