లడ్డు మంచం మీద, మా వారు సోఫా మీద

ప్రశ్న: నా వయసు 31. మాది విశాఖపట్నం. పెళ్లయిన ఏడాదికే మా వారికి పుణె బదిలీ అయింది. బ్యాంకు ఉద్యోగం వదులుకోలేక నేను ఇక్కడే ఉండిపోయాను. ఆ రోజుల్లో మా వీధిలో దొరికిన కుక్కపిల్లను తెచ్చి పెంచుకున్నాను. పేరు లడ్డు. ఇప్పుడు దానికి మూడేళ్లు. మొదటి రోజు నుంచీ నా మంచం మీదే, గోడవైపు, నా కాళ్లకు ఆనుకుని పడుకుంటుంది. మా వారు తిరిగి వచ్చాక చిక్కు మొదలైంది. ఆయన రెండో షిఫ్టు ముగించుకుని అర్ధరాత్రి దాటాక ఇంటికి వస్తారు. మంచం దగ్గరికి రాగానే లడ్డు గుర్రుమంటుంది. ఒకసారి పళ్లు కూడా చూపించింది. ఆయన గొడవపడే మనిషి కాదు, దిండు తీసుకుని హాల్లోకి వెళ్లిపోతారు. పైగా ఇంట్లో ఉన్నంతసేపూ తుమ్ములు. మా అత్తగారు వచ్చినప్పుడల్లా ‘కుక్కకు మంచం, మగడికి సోఫానా’ అని శతక పద్యం అప్పజెబుతారు. కుక్క వెంట్రుక కడుపులోకి పోతే బిడ్డకు ప్రమాదమని కూడా అంటున్నారు. నాకిప్పుడు ఐదో నెల. తొమ్మిదో నెలలో సీమంతం చేసి, పురిటికి మా అమ్మ పార్వతీపురం తీసుకెళుతుంది. అమ్మకు కుక్కలంటే భయం, లడ్డును అక్కడికి తీసుకెళ్లే వీలు లేదు. ఇప్పుడు దాన్ని మంచం దించితే బెంగపెట్టుకుంటుందేమో. కుక్కను పక్కలో పడుకోబెట్టుకోవడం అంత తప్పా? – పేరు వద్దు

జవాబు: తప్పు కాదమ్మా. లోకంలో ఎంతోమంది అలాగే పడుకుంటున్నారు, వాళ్లందరూ జబ్బుపడి మూలగడం లేదు. కానీ మీరు అడిగిన ప్రశ్న కన్నా, మీ ఉత్తరంలోనే ఉండి మీరు అడగకుండా దాటేసిన సంగతి పెద్దది. నాలుగు నెలల్లో మీరు పుట్టింటికి వెళతారు. పురుడు, ఆ తర్వాత బాలింత రోజులు కలిపితే మళ్లీ విశాఖ చేరేసరికి ఎంత లేదన్నా నాలుగైదు నెలలు పడుతుంది. అన్ని నెలలూ ఆ ఇంట్లో మిగిలేది ఎవరు? ఏ మనిషి మంచం దగ్గరికి వస్తే లడ్డు పళ్లు చూపిస్తుందో ఆ మనిషీ, లడ్డూ. ఇద్దరే.

కాబట్టి మీరు ఈ నాలుగు నెలల్లో చేయవలసిన పని కుక్కను మంచం దించడం ఒక్కటే కాదు. మీ వారికీ లడ్డుకూ స్నేహం కుదర్చాలి. మంచం దిగడం అందులో ఒక భాగంగానే జరగాలి.

ముందు భయాల సంగతి తేల్చేద్దాం. మీ అత్తగారు చెప్పిన వెంట్రుక కథలో నిజం లేదు. మింగిన వెంట్రుక అరగకుండా మలంతో బయటికి పోతుంది, అక్కడి నుంచి గర్భసంచికి దారే లేదు. గర్భిణులు జాగ్రత్తపడాలని డాక్టర్లు చెప్పే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ముఖ్యంగా పిల్లుల మలం నుంచి, సరిగా ఉడకని మాంసం నుంచి వస్తుంది. కుక్క కడుపులో అది పిల్లి కడుపులో పెరిగినట్టు పెరిగి గుడ్లు పెట్టదు. అయినా లడ్డు మలం ఎత్తే పని ఈ నెలల్లో మీరు చేయకండి, మీ వారికి అప్పగించండి. ఆయనకు అప్పగించవలసిన పనులు ఇంకా ఉన్నాయి, తర్వాత చెబుతాను.

నిజంగా పట్టించుకోవలసినవి వేరే ఉన్నాయి. పిడుదులు పట్టిన కుక్క పరుపెక్కితే అవి పరుపు మీదే రాలతాయి, మనుషుల్నీ కుడతాయి. ఏలికపాములు, కొంకిపురుగులు కుక్కల నుంచి మనుషులకు సోకగలవు. తామర అయితే ఒళ్లు ఒళ్లు రాసుకుంటే చాలు, అంటుకుంటుంది. 2011లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వారి పత్రికలో ఇద్దరు పశువైద్య నిపుణులు పెంపుడు జంతువులను పక్కలో పడుకోబెట్టుకోవడం వల్ల, వాటిచేత ముద్దులు పెట్టించుకోవడం వల్ల వచ్చిన జబ్బులను ఒకచోట కూర్చి చూపించారు. ఆ జాబితాలో ప్లేగు కూడా ఉంది. ఇలాంటివి అరుదేనని, అలాగని కొట్టిపారేయకూడదని వాళ్లే రాశారు. మూడు నెలలకోసారి నులిపురుగుల మందు, ఏటా రేబిస్ టీకా, పశువైద్యుడు చెప్పిన పిడుదుల మందు, వారం వారం వేడినీళ్లలో ఉతికిన దుప్పట్లు. వీటిలో మీరు ఏవి క్రమంగా చేస్తున్నారో ఉత్తరంలో లేదు. చేస్తూ ఉంటే, ఆరోగ్యం పేరుతో మిమ్మల్ని ఎవరూ నిలదీయలేరు.

నిద్ర మాట మరొకటి. అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు 2017లో ఒక చిన్న పరిశీలన ప్రచురించారు. నిద్ర జబ్బులేవీ లేని 40 మందికీ, వాళ్ల కుక్కలకూ కదలికలు నమోదుచేసే పరికరాలు కట్టి ఏడు రాత్రులు చూశారు. కుక్క గదిలో ఉన్నంత మాత్రాన మనుషుల నిద్ర చెడలేదు. మంచం మీద ఉన్నప్పుడు మాత్రం కొద్దిగా తగ్గింది: గదిలో వేరుగా పడుకుంటే పడుకున్న సమయంలో 83 శాతం నిద్ర, మంచం ఎక్కితే 80. పెద్ద తేడా కాదు. కానీ నెలలు నిండేకొద్దీ ఎడమవైపు తిరగడానికే కష్టపడే మనిషికి, కాళ్ల దగ్గర కదలకుండా పడుకున్న పదిహేను కిలోల బరువు ఉంటే ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది.

మీ వారి తుమ్ముల్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కుక్క వల్ల వచ్చే అలర్జీకి మూలం వెంట్రుక కాదు. దాని చర్మం నుంచి రాలే సన్నని పొట్టు, లాలాజలం. బొచ్చు కత్తిరించినా, ‘అలర్జీ రాని జాతి’ అని కొన్నా పెద్దగా లాభం ఉండదు. సోఫా మీద పడుకున్నా తుమ్ములు తగ్గలేదంటే ఒకసారి అలర్జీ డాక్టరుకు చూపించండి. అలర్జీయేనని తేలితే, అందులోనూ ఆయాసం ఉంటే, లడ్డును మంచం మీది నుంచి దించితే సరిపోదు. పడకగదిలోకే రానివ్వకూడదు. అప్పుడు కింద నేను చెప్పేదంతా హాలుకు మార్చి చదువుకోండి.

డాక్టరు ‘ఏమీ లేదు’ అన్నా నా సలహా మారదు. మంచం ఇద్దరిది. పడుకునే ఇద్దరిలో ఒకరు వద్దంటే మూడో ప్రాణికి అక్కడ చోటు లేదు. వద్దనడానికి ఆయన డాక్టరు చీటీ తేనక్కర్లేదు, కారణం కూడా చెప్పనక్కర్లేదు. మీ వారు నోరు తెరిచి వద్దనలేదు, నిజమే. లడ్డు ఏ వైపు, మీకు ఎక్కడ ఆనుకుని పడుకుంటుందో రాశారు. ఆయన ఎన్ని నెలలుగా సోఫా మీద ఉన్నారో రాయలేదు. గొడవపడని మనిషి కాబట్టే అడగవలసింది మీరు. ఈ వారంలో ఆయనకు సెలవున్న రోజు చూసి అడగండి. ‘లడ్డు వల్ల ఇబ్బందిగా ఉందా’ అని అడిగితే ‘అదేం లేదు’ అంటారు, అలాంటి మనుషులు అంతే అంటారు. ‘లడ్డుకు కింద పరుపు వేద్దామనుకుంటున్నాను, అలవాటు చేయడానికి మీ సాయం కావాలి’ అనండి.

ఆయన దూరంగా ఉన్న రోజుల్లో మీకు తోడైన ప్రాణి అది. దాన్ని దించడమంటే ఆ రోజులకు ద్రోహం చేసినట్టు మీకు అనిపిస్తుండవచ్చు. లడ్డుకు అలాంటి లెక్కలు లేవు. మీ వాసన, మీ గొంతు అందేంత దూరంలో మెత్తటి చోటు దొరికితే కొన్ని రాత్రులు సణిగి సర్దుకుంటుంది. ఉన్నట్టుండి బాల్కనీలోకో మేడమీదకో తరిమితే మాత్రం నిజంగానే బెంగపెట్టుకుంటుంది. ఆ పని చేయకండి.

గుర్రుమనడం గురించి మీకు సలహాలు బోలెడు వచ్చి ఉంటాయి. ‘మంచం ఎక్కనిస్తే కుక్క తానే యజమానిననుకుంటుంది, అణచాలి’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఆలోచనకు మూలం బోనులో ఉంచిన తోడేళ్ల మీద జరిగి, 1947లో ప్రచురితమైన పరిశీలన. ఆ సిద్ధాంతానికి ప్రచారం కల్పించిన శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ తర్వాత తానే దాన్ని కాదన్నారు. అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లిదండ్రులూ పిల్లలూ ఉన్న కుటుంబమని, అక్కడ పెత్తనం కోసం పోట్లాట చాలా అరుదని చెప్పారు. లడ్డు విషయం ఇంకా సులువు. గాఢనిద్రలో ఉండగా చీకట్లో ఒక పెద్ద ఆకారం వచ్చి మీదికి వంగుతోంది. అది ఉన్న చోటు దానికి అన్నిటికన్నా ఇష్టమైన చోటు. ఇంకేం చేస్తుంది? అలా గుర్రుమన్నందుకు కొట్టకండి, కసరకండి. అది హెచ్చరిక. తిట్టి ఆ హెచ్చరిక మాన్పించారనుకోండి, ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది. అయితే కొత్తగా మొదలైన కోపానికి చెవిపోటో కీళ్లనొప్పో కారణం కావచ్చు, ఒకసారి పశువైద్యుడికి చూపించండి.

ఇక పని. మీ పాత చీర కుట్టించిన బొంత ఒకటి మంచం పక్కన, మీరు పడుకునే వైపు వేయండి. పగలే మొదలుపెట్టండి. ఉప్పూ ఉల్లిపాయా లేకుండా ఉడికించిన కోడి ముక్క గానీ, ఇంట్లో మాంసం వండకపోతే పనీరు ముక్క గానీ బొంత మీద వేసి, లడ్డు వెళ్లి కూర్చోగానే ‘నీ చోటు’ అని ఒక్కటే మాట అనండి. ఇంట్లో అందరూ అదే మాట వాడాలి. మంచం మీది నుంచి దించాలన్నా ముక్కను నేలమీద వేసి పిలవండి. మెడపట్టీ పట్టుకుని లాగితే కరిచే అవకాశం ఎక్కువ. రాత్రి మీ వారు రావడానికి ముందే, మీరు పడుకునేటప్పుడే బొంత మీదికి పంపండి. మొదటి రాత్రులు మళ్లీ మళ్లీ ఎక్కుతుంది. విసుక్కోకుండా మళ్లీ మళ్లీ దించండి.

ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. నాలుగు రోజులు గట్టిగా ఉండి, ఐదో రోజు వాన పడిందనో, జాలి వేసిందనో, మీ వారు ఊరెళ్లారనో పైకి పిలుస్తారు. ఆ ఒక్కసారితో ‘గట్టిగా అడిగితే దొరుకుతుంది’ అని కుక్క నేర్చుకుంటుంది. మీకు మినహాయింపు ఏదో తెలుసు, దానికి తెలియదు. పగలు మీరు బ్యాంకులో ఉన్నప్పుడు పడకగది తలుపు వేసి ఉంచితే సగం పని తగ్గుతుంది.

అర్ధరాత్రి ఇంటికి వచ్చాక మీ వారు నేరుగా మంచం దగ్గరికి రాకూడదు. గుమ్మంలో నిలబడి చిన్నగా ‘లడ్డూ’ అని పిలిచి, అది తలెత్తాక ఒక ముక్క బొంత మీదికి విసిరి, దానివైపు వంగకుండా తన వైపుకు వెళ్లి పడుకోవాలి. ఒక చిన్న దీపం వెలిగించి ఉంచండి. కొద్ది వారాల్లో ఆయన అడుగుల చప్పుడు దానికి తిండి కబురవుతుంది. అంతకన్నా ముఖ్యం పగటి పని. రెండో షిఫ్టు మనిషికి ఉదయాలు ఖాళీయే. ఉదయం షికారు, ఉదయం తిండి పూర్తిగా ఆయన చేతికి ఇచ్చేయండి. మీరు ఆ పూట గిన్నె ముట్టుకోకండి. మీకు కొంచెం అసూయ వేస్తుంది, వేయనివ్వండి. ఇంత చేసినా గుర్రుమనడం పెరిగినా, ఒక్కసారి పన్ను తగిలినా, కొట్టకుండా నేర్పే శిక్షకుడి సాయం వెంటనే తీసుకోండి. పన్ను దిగితే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణి అయినా సరే రేబిస్ టీకా తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా.

బిడ్డ వచ్చాక నియమం చిన్నది. పసిబిడ్డ పడుకునే చోటికి లడ్డు రాకూడదు. ఎంత మంచి కుక్కయినా ఇద్దరినీ ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలకూడదు. మీరు తిరిగి వచ్చేటప్పటికి కింద పడుకోవడం దానికి పాత అలవాటై ఉంటే, ఆ మార్పును బిడ్డతో ముడిపెట్టుకోదు. ఇప్పుడే మొదలుపెట్టమనడానికి అదీ ఒక కారణం.

మీ అత్తగారి విషయం. మీ మంచం మీద ఆమెకు ఓటు లేదు. ఆమె పడుకునే గది, ఆమె ఉన్న రోజుల్లో పూజగది, వంటగది మీద ఉంది. అక్కడికి లడ్డు రాకుండా చూసే పూచీ మీది. మడి ఆచారం ఆమె ఇష్టం, దాని మీద వాదన పెట్టుకోకండి. మళ్లీ పద్యం అందుకుంటే, స్వర్గం గుమ్మం దాకా వెంట వచ్చిన కుక్కను వదిలి లోపలికి రానన్న ధర్మరాజును గుర్తుచేయవచ్చు. ఆయన మాత్రం దాన్ని పడకెక్కించినట్టు ఎక్కడా లేదని ఆమె అంటే, ఒప్పేసుకోండి.

ఒక్క మాట. ఈరోజే టీకా కార్డు తీసి చూడండి. రేబిస్ సూది గడువు మీరు పుట్టింట్లో ఉండే నెలల్లో పడేటట్టుంటే, ముందుగానే వేయించవచ్చా అని పశువైద్యుణ్ని అడగండి. సూది వేయించడానికి మాత్రం మీ వారిని పంపకండి, మీరే తీసుకెళ్లండి. లడ్డు దగ్గర ఆయనకు ఇప్పుడిప్పుడే మంచి పేరు రావాలి.