ఫెర్నాండినాలో దిగే రోజు కోసం

స్వాతీ,

మీరు గాలాపగోస్ దీవుల క్రూజ్ బుక్ చేశారని అమ్మ చెప్పింది, చాలా సంతోషమేసింది. మిగతా దీవులు ఎలా చూసినా ఫర్వాలేదు కానీ, ఫెర్నాండినా ఒక్కటి మాత్రం తొందర తొందరగా చూసేయకండి.

ముందు రోజు రాత్రంతా ఓడ కదులుతూనే ఉంటుంది కాబట్టి వాంతుల మాత్ర పడుకునే ముందే వేసుకోండి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. పొద్దున్నే చెప్పుల అడుగున ఇసుక, గింజలు లేకుండా శుభ్రంగా కడుక్కోవాలి. బయటి నుంచి వచ్చిన ఎలుకలు, పిల్లులు, మేకలు ఆ దీవిలో లేవు, అది అలాగే ఉండాలి. ఆ దీవిలో పడవ దిగే చోటు పుంటా ఎస్పినోజాలో దిగేటప్పుడు రాళ్లు జారతాయి. పడవవాళ్ల వేళ్లు కాదు, మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకో, బాబుకీ అదే నేర్పు.

దిగాక కళ్లు కాళ్ల దగ్గరే ఉండాలమ్మా! లావా నల్లగా ఉంటుంది, సముద్రపు ఇగ్వానాలూ (పెద్ద బల్లుల్లాంటివి) అదే రంగు, రాయే కదా అని అడుగేయబోతే అది కదులుతుంది. పొద్దున ఒకదాని మీద ఒకటి పడి ఎండ కాగుతుంటాయి, ఒళ్లు వేడెక్కాకే నాచు మేయడానికి సముద్రంలోకి దిగుతాయి. కాసేపు నిలబడి చూస్తే ముక్కులోంచి ఫుస్సుమని ఉప్పునీళ్లు చిమ్ముతాయి, వాటి తలల మీద తెల్లగా అట్టకట్టి ఉండేది ఆ ఉప్పే.

కొల్లేరులో నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకోవడం చూశావుగా, ఫెర్నాండినాలోని నీటికాకులూ అలాగే నిలబడతాయి, కాకపోతే ఆ రెక్కలు చింపిరిగా, ఎగరడానికి చాలనంత చిన్నవి. ఈ పక్షి ప్రపంచం మొత్తంలో ఫెర్నాండినా, పక్కనున్న ఇసబెలా దీవి తీరాల్లోనే ఉంది. గూడు కనపడితే, మిమ్మల్ని అక్కడే కాసేపు ఉండనివ్వమని గైడ్‌ని అడుగు. సముద్రంలోంచి వచ్చిన పక్షి నోట నాచు పట్టుకొచ్చి గూట్లో ఉన్న జోడీకి ఇస్తుంది, అది చూడకుండా వచ్చేస్తే నాకు బాధేస్తుంది.

జంతువులకి రెండు మీటర్ల దూరం తప్పనిసరి, సీ లయన్ పిల్ల దానంతటదే దగ్గరికొచ్చినా ముట్టుకోకూడదు, మీరే వెనక్కి జరగండి. ఫ్లాష్ వద్దు, డ్రోన్ అసలు తీసుకెళ్లొద్దు.

మధ్యాహ్నం ఇసబెలా వైపు స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్లలో ఈదడం) ఉంటే భూమధ్యరేఖ కదా అని వెచ్చటి నీళ్లు ఊహించుకోకు, లోతు నుంచి పైకొచ్చే చల్లటి ప్రవాహం వల్లే అక్కడ పెంగ్విన్లు బతుకుతున్నాయి. వెట్‌సూట్ (నీళ్లలో చలి ఆపే దుస్తులు) కొలతలు ఓడవాళ్లకి ఇప్పుడే పంపు, ముఖ్యంగా బాబువి.

పెద్దమ్మ